4.10 నుంచి 4.88కి: 1985 టయోటా పికప్‌లో క్రౌన్, పినియన్ మార్చిన డైరీ

బండి 1985 టయోటా పికప్, ఫోర్‌వీల్ డ్రైవ్. 22ఆర్‌ఈ ఇంజన్, 5 గేర్ల మాన్యువల్ బాక్స్. ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్ళు, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే దూలం. టయోటా పికప్‌కి ముందు వైపు గట్టి యాక్సిల్ వచ్చిన ఆఖరి ఏడాది అదే. నేనుండేది కొలరాడోలో, డెన్వర్ పక్కన అరోరాలో.

33 అంగుళాల టైర్లు వేసి ఏడాది తిరిగాను. 5వ గేరు దాదాపు అలంకారానికే మిగిలింది. ఐ-70 మీద సిల్వర్ ప్లూమ్ దాటి ఐసెన్‌హోవర్ సొరంగం ఎక్కేటప్పుడు 3వ గేరులో 42 మైళ్ళకి మించి లాగేది కాదు. పక్కన పెద్ద ట్రక్కులతో పాటు లైట్లు ఆర్పుతూ వెలిగిస్తూ ఎక్కేవాణ్ణి. అందుకే ఈ పని. ఇంజన్ తిప్పుడుని చక్రాలకి మళ్ళించే డిఫరెన్షియల్‌లో పెద్ద పళ్ళ చక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుందో అదే నిష్పత్తి: 4.10, 4.88 అన్నవి అవే.

సొంతంగా చేయబోయేవాళ్ళు 3, 6 దశలు రెండుసార్లు చదవండి. నా డబ్బూ టైమూ ఎక్కువగా అక్కడే పోయాయి.

దశ 0: లెక్కలు

టైరు మీద రాసిన 33ని నమ్మి లెక్క వేయకండి. బండి బరువు పడ్డాక టైరు నలుగుతుంది. నేను చేసింది ఇది:

1. నాలుగు టైర్లలో గాలి 30 పీఎస్‌ఐకి సరిచేశాను.
2. టైరు మీద, నేల మీద సుద్దముక్కతో గీత పెట్టాను.
3. బండిని తిన్నగా 10 చుట్లు దొర్లించి టేపుతో కొలిచాను.

33 అంగుళాల టైరు 10 చుట్లకి 25.3 మీటర్లు వెళ్ళింది. పాత 225/75–15 టైర్లు గ్యారేజీలో పడి ఉంటే వాటినీ ఎక్కించి కొలిచాను. 21.9 మీటర్లు. అంటే కొత్త టైరు 15.5 శాతం ఎక్కువ దూరం దొర్లుతోంది. కంపెనీ ఇచ్చిన 4.10ని 1.155తో గుణిస్తే 4.74. పాత లాగుడు తిరిగి రావాలంటే నిష్పత్తి కనీసం అంత ఉండాలి.

దొరికేవి 4.88, 5.29. గంటకి 65 మైళ్ళ దగ్గర, 5వ గేరులో నిమిషానికి ఇంజన్ చుట్లు ఇలా వస్తాయి. ఈ బాక్సులో 5వ గేరు 0.85.

- పాత టైరు, 4.10: 2,770
- కొత్త టైరు, 4.10: 2,400
- కొత్త టైరు, 4.88: 2,855
- కొత్త టైరు, 5.29: 3,100

ఇంకో సంగతి ఎత్తు. ఈ ఇంజన్‌కి టర్బో లేదు. ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం శక్తి పోతుంది. సొరంగం 11,158 అడుగుల మీద ఉంది. కొత్తలో 116 హార్స్‌పవర్ ఇచ్చిన ఇంజన్ అక్కడికి చేరేసరికి మూడో వంతు పోగొట్టుకుంటుంది. ఆ లెక్కన 5.29 మీదకి మనసు పోయింది. కానీ వారానికి ఐదు రోజులు నేను తిరిగేది హైవే మీద. 3,100 చుట్ల మీద రోజూ గంట సేపు ఆ మోత భరించలేను. 35 అంగుళాల టైరు వేసే ఆలోచన కూడా లేదు. 4.88 ఖాయం చేసుకున్నాను.

దశ 1: సామాను

- 4.88 క్రౌన్, పినియన్ జతలు రెండు: 430 డాలర్లు
- బేరింగులు, సీళ్ళు, షిమ్‌లు (మందం సరిచేసే పల్చటి వాషర్లు), క్రష్ స్లీవ్, క్రౌన్ బోల్టులు ఉన్న కిట్‌లు రెండు: 290
- గేర్ ఆయిల్, గాస్కెట్ పేస్టు, బ్రేక్ క్లీనర్: 96
- ముందు యాక్సిల్ సీళ్ళు: 78
- డయల్ గేజి, అయస్కాంతం స్టాండు: 42
- ముల్లు ఉన్న ఇంచ్-పౌండ్ టార్క్ రెంచి: 58
- బేరింగ్ సెపరేటర్: 45
- ముందు హబ్ నట్టుకి 54 మి.మీ. సాకెట్: 24

20 టన్నుల ప్రెస్సు ఒక స్నేహితుడి గ్యారేజీలో ఉంది.

ఇంచ్-పౌండ్ రెంచి కొనేటప్పుడు క్లిక్‌మనే రకం కొనకండి. పినియన్ తిరుగుతూ ఉండగా ఎంత బలం పడుతోందో చదవాలి. క్లిక్ రెంచి ఒక అంకె దాటిందనే చెబుతుంది గానీ, ఎంత ఉందో చెప్పదు.

ఇప్పటిదాకా: 1,063 డాలర్లు, 0 గంటలు.

దశ 2: వెనక డిఫరెన్షియల్ దించడం

ఈ బండిలో డిఫరెన్షియల్ అంతా ఒకే ముద్దగా హౌసింగ్ ముందు వైపు నుంచి ఊడి వస్తుంది. ఇక్కడ దాన్ని థర్డ్ మెంబర్ అంటారు. బల్ల మీద పెట్టుకుని పని చేయొచ్చు కాబట్టి మొదటిసారి చేసేవాళ్ళకి ఇది పెద్ద అదృష్టం.

1. ఆయిల్ దించాను. ప్లగ్ అయస్కాంతం మీద బూడిద రంగు పేస్టు ఉంది, ముక్కలు లేవు.
2. డ్రమ్ములు తీసి, బ్రేక్ పైపు, హ్యాండ్‌బ్రేక్ లింకు విప్పాను.
3. బ్యాక్ ప్లేటు వెనక 4 నట్లు తీసి యాక్సిల్ షాఫ్టులు బయటికి లాగాను.
4. ప్రొపెల్లర్ షాఫ్టు ఫ్లాంజి మీద పెయింటుతో గుర్తు పెట్టి విప్పాను.
5. 10 నట్లు తీసి, కింద జాకీ పెట్టి థర్డ్ మెంబర్‌ని దించాను. ఛాతీ మీద ఆనించుకుని దించొచ్చనుకోకండి.

విప్పే ముందు పాత జత కొలతలన్నీ రాసుకున్నాను. ప్లే (పళ్ళ మధ్య వదులు) 0.23 మి.మీ. అంటే డయల్ మీద 9 వేలవంతులు. పాత జత మీదా పేస్టు రాసి, పళ్ళు ఒకదానికొకటి ఆనిన చోట పడిన ముద్ర ఫోటో తీసుకున్నాను. క్రౌన్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 10. నిష్పత్తి 4.10 అని రూఢి అయింది. కొత్తదానికి 39, 8.

బేరింగ్ క్యాపుల మీద పంచ్‌తో గుర్తులు కొట్టాను, ఎడమకి ఒక చుక్క, కుడికి రెండు. ఈ క్యాపులు హౌసింగ్‌తో కలిపి బోరు చేసినవి, అటుదిటు మారితే పనికిరావు.

ఇప్పటిదాకా: 1,063 డాలర్లు, 5 గంటలు.

దశ 3: పినియన్ లోతు, ఒక బేరింగ్ బలి

పినియన్ ఎంత లోపలికి ఉండాలో నిర్ణయించేది పినియన్ తలకీ లోపలి బేరింగ్‌కీ మధ్య కూర్చునే షిమ్. షిమ్ మందం పెరిగితే పినియన్ క్రౌన్ వైపు లోతుగా పోతుంది. చిక్కేమిటంటే, బేరింగ్ ప్రెస్సుతో బిగుతుగా కూర్చుంటుంది. షిమ్ మార్చాలంటే ప్రతిసారీ బేరింగ్ పీకాలి.

పాత షిమ్ 2.36 మి.మీ. అదే మందంతో మొదలెట్టి, కొత్త బేరింగ్ నేరుగా నొక్కేశాను. అదే తప్పు.

కొత్త క్రౌన్‌ని క్యారియర్ (దాన్ని మోసే భాగం) మీదకి సుత్తితో కొట్టి ఎక్కించకండి. ఇక వంటకి వాడని పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించి, క్రౌన్‌ని అందులో పది నిమిషాలు ఉంచి తీసి తుడిచి పెడితే దానంతటదే జారి కూర్చుంటుంది. ఆరాక బోల్టులు ఎదురెదురుగా బిగిస్తూ 71 ఫుట్-పౌండ్లకి తెచ్చాను, దారాలకి ఎర్ర లాక్ జిగురు పూసి.

ఈ డిఫరెన్షియల్‌లో పక్క బేరింగులకి షిమ్‌లు లేవు. రెండు వైపులా పళ్ళున్న పెద్ద రింగ్ నట్లు ఉంటాయి. ఒకటి వదులు చేసి రెండోది అంతే బిగిస్తే క్రౌన్ పక్కకి జరుగుతుంది. ప్లే 0.15 మి.మీ.కి తెచ్చి పళ్ళకి పసుప్పచ్చ పేస్టు రాసి తిప్పాను. ముద్ర పంటి మొదట్లోకి దిగింది. అంటే పినియన్ మరీ లోతుగా ఉంది. షిమ్ తగ్గించాలి.

బేరింగ్ పీకేటప్పుడు సెపరేటర్ అంచు రేసు (బేరింగ్ లోపలి ఉంగరం) కిందకి వెళ్ళకుండా రోలర్ల కేజిని పట్టుకుంది. ప్రెస్సు ఒక్క నొక్కు నొక్కగానే కేజి వంగిపోయింది. 38 డాలర్ల బేరింగ్ చేజేతులా పోయింది.

దాన్ని పారేయలేదు. లోపలి బోరుని చిన్న ఫ్లాప్ వీలుతో అరగదీశాను. నలభై నిమిషాలు పట్టింది. చేత్తో తోస్తే జారి, చేత్తో లాగితే వచ్చేదాకా. ఇక షిమ్ మార్చడానికి ప్రెస్సు అక్కర్లేదు. చాలామంది పాత బేరింగ్‌ని ఇలా చేసుకుంటారు. పాతది అరిగి ఉంటుంది కాబట్టి దాని ఎత్తూ కొత్తదాని ఎత్తూ కొలిచి తేడా కలుపుకోవాలి. నాది కొత్తదే కాబట్టి, అదే కంపెనీది కాబట్టి, ఆ లెక్క వేయాల్సిన అవసరం రాలేదు. వంగిన కేజి తిరగడానికి అడ్డం రాకుండా ప్లయర్‌తో సరిచేశాను.

ఆ తర్వాత ప్రయత్నాలు:

- 2.36 మి.మీ., ప్లే 0.15: ముద్ర పంటి మొదట్లో. లోతెక్కువ.
- 2.21 మి.మీ., ప్లే 0.15: ముద్ర పంటి కొసకి ఎక్కింది. లోతు తక్కువ.
- 2.26 మి.మీ., ప్లే 0.16: ముద్ర మధ్యలోకి వచ్చినట్టే ఉంది.

షిమ్ మార్చినప్పుడల్లా ప్లే కూడా మారుతుంది. దాన్ని మళ్ళీ 0.15 దగ్గరికి తెచ్చాకే ముద్ర చూడాలి. లేకపోతే రెండు తేడాలు కలిసిపోయి ఏది ఎందుకు మారిందో తెలియదు.

2.26 దగ్గర ఆగాను. "వచ్చినట్టే ఉంది" అని రాసుకున్నాను చూడండి, ఆ మాటే నన్ను తర్వాత ముంచింది.

ఇప్పటిదాకా: 1,101 డాలర్లు, 16 గంటలు.

దశ 4: క్రష్ స్లీవ్

పినియన్ రెండు బేరింగుల మధ్య ఉండే ఈ గొట్టం నట్టు బిగించే కొద్దీ నలిగి పొట్టిదవుతుంది. బేరింగులు ఎంత బిగుతుగా ఉండాలో అదే నిర్ణయిస్తుంది. నా కిట్ కాగితం కొత్త బేరింగులకి 10 నుంచి 14 ఇంచ్-పౌండ్లు చెప్పింది.

ఫ్లాంజి (పినియన్ కొసన షాఫ్టు బిగించే పళ్ళెం) తిరగకుండా పట్టుకోవడానికి నాలుగడుగుల ఇనప పట్టీకి రెండు రంధ్రాలు వేసి బోల్టులతో బిగించాను. నట్టు మీద ముప్పావు అంగుళం బారు, దానికి పైపు.

మొదట ఏమీ కదలదు. కాళ్ళు గోడకి తన్నిపెట్టి లాగాల్సి వచ్చింది. నలగడం మొదలయ్యాక మాత్రం పరిస్థితి వేరు. 4 చూపించింది, తర్వాత 9. ఇంకొక్క లాగు లాగాను, 22. వెనక్కి తిప్పితే తగ్గదు. నలిగిన స్లీవు మళ్ళీ సాగదు. నట్టు వదులు చేస్తే బేరింగ్ వదులవుతుంది, అంతే. మొత్తం విప్పి కొత్త స్లీవు వేయాల్సిందే.

ఒకటికి మూడు తెప్పించుకున్నాను, 27 డాలర్లు. రెండోసారి పద్ధతి మార్చాను:

1. 5 దాటాక నట్టు మీద గీత పెట్టి, ఒక్కోసారి గోరంత మాత్రమే తిప్పాను.
2. ప్రతి తిప్పుకీ పినియన్‌ని చేత్తో పది చుట్లు తిప్పి రోలర్లు కూర్చోనిచ్చాను.
3. ఆ తర్వాతే రెంచి ముల్లు చదివాను. కదలడం మొదలయ్యేటప్పటి అంకె కాదు, నిదానంగా తిరుగుతున్నప్పటి అంకె.

12 దగ్గర ఆగింది. ఆ తర్వాత క్యారియర్ పెట్టి, పక్క బేరింగులు వదులు పోయిన చోటు నుంచి రింగ్ నట్టు ఒకటిన్నర పన్ను బిగించాను. క్యాపులు 58 ఫుట్-పౌండ్లు. మొత్తం కలిపి 16 చూపించింది. ప్లే క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల చూశాను: 0.15, 0.16, 0.16, 0.15.

ఇప్పటిదాకా: 1,128 డాలర్లు, 20 గంటలు.

దశ 5: రోడ్డు మీదకి

వెనకాల 4.88, ముందు ఇంకా 4.10. ఈ స్థితిలో ఫోర్‌వీల్ వేస్తే ముందు చక్రాలు ఒక వేగం, వెనక చక్రాలు ఇంకో వేగం అడుగుతాయి. పొడి రోడ్డు మీద ఏదో ఒకటి విరుగుతుంది. ముందు హబ్‌లు ఫ్రీలో (చక్రాలు యాక్సిల్ నుంచి విడిపోయేలా) పెట్టడంతో ఆగకుండా ముందు ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి లోపల పెట్టేశాను. ఇంట్లో వేరేవాళ్ళూ బండి తీస్తారు కాబట్టి ఫోర్‌వీల్ లివర్‌కి ఎర్ర టేపు చుట్టాను.

80డబ్ల్యూ-90, జీఎల్-5 మామూలు ఆయిల్ 2.2 లీటర్లు. బ్రేకుల్లో గాలి తీశాను. 15 మైళ్ళు మెల్లగా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్ళీ 15. మొదటిసారి హౌసింగ్ వేడి 66 డిగ్రీల సెల్సియస్, రెండోసారి 61. ఆ అంకెలు బాగానే ఉన్నాయి.

లాగుడు మొదటి సిగ్నల్ దగ్గరే తెలిసింది. కానీ 40, 48 మైళ్ళ మధ్య యాక్సిలరేటర్ వదిలితే సన్నటి కూత. నొక్కితే పోతుంది, వదిలితే వస్తుంది. కిటికీలు మూసి రేడియో పెడితే వినపడదు. పెట్టకపోతే అదొక్కటే వినపడుతుంది.

60 మైళ్ళు తిరిగి ఆపేశాను.

ఇప్పటిదాకా: 1,128 డాలర్లు, 24 గంటలు.

దశ 6: మళ్ళీ విప్పాను

మా బాబాయి విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు లారీల డిఫరెన్షియళ్ళు చేశాడు. ఇక్కడ రాత్రి 9 అయితే అక్కడ పొద్దున ఎనిమిదిన్నర. వీడియో కాల్ చేసి ముద్రల ఫోటోలు చూపించాను.

"నొక్కితే లేదు, వదిలితేనే ఉందా?"

"అవును బాబాయ్."

"వదిలే వైపు పళ్ళ ఫోటో పెట్టరా."

ఒకటే ఉంది, అదీ మసగ్గా. లాగే వైపు, అంటే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బరువు మోసే పంటి వైపు, మాత్రం పన్నెండు ఫోటోలు తీశాను. వదిలినప్పుడు మోసేది రెండో వైపు.

"క్రౌన్ తిప్పేటప్పుడు ఫ్లాంజిని ఎవరు పట్టుకున్నారు?"

ఎవరూ పట్టుకోలేదు. ఊరికే చేత్తో తిప్పాను.

"బరువు పడకపోతే పన్ను పన్నుకి ఆనుతుందిట్రా? పైపైన రాసుకుని పోతుంది. నువ్వు చూసింది అచ్చు కాదు, మరక."

అక్కడ తెలిసింది. బరువు లేకుండా తిప్పితే పేస్టు ఎక్కడ పడితే అక్కడ చెదిరి, మధ్యలో ఉన్నట్టే కనిపిస్తుంది. పేస్టు కూడా మందంగా పూశాను. బాబాయి వాళ్ళ షెడ్డులో నూనెలో రంగరించిన సింధూరం వాడేవాళ్ళు. పంటి మీద లోహం రంగు లోంచి కనపడేంత పల్చగా, కుంచె గీతలు ఒకే వైపు ఉండేలా రాయాలని చెప్పాడు. ఆ గీతలు ఎక్కడ చెరిగాయో అక్కడే పళ్ళు ఆనాయి.

ఈసారి చేసిన పద్ధతి, ఉన్నది ఉన్నట్టు:

1. పళ్ళని బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరబెట్టాను. పాత నూనె ఉంటే పేస్టు అంటదు.
2. క్రౌన్ మీద మూడు చోట్ల, ఒక్కో చోట నాలుగు పళ్ళకి, రెండు వైపులా పల్చగా రాశాను.
3. ఫ్లాంజి చుట్టూ గుడ్డ చుట్టి, మా అబ్బాయి చేత రెండు చేతులతో గట్టిగా పట్టించాను.
4. క్రౌన్ బోల్టుకి స్పానర్ వేసి, ఆ పట్టుని ఎదిరిస్తూ క్రౌన్‌ని ముందుకి ఒక చుట్టు, వెనక్కి ఒక చుట్టు తిప్పాను.
5. రెండు వైపులా పంటికి ఎదురుగా, ఒకే దూరం నుంచి ఫోటో తీశాను.

2.26 షిమ్‌తోనే చూస్తే, లాగే వైపు ముద్ర మధ్యకి కొంచెం పైన. వదిలే వైపు మాత్రం పంటి కొస అంచుని పట్టుకుని సన్నటి గీతలా ఉంది. ఆ గీతే కూత పెట్టింది. పినియన్ ఇంకాస్త లోతు కావాలి.

0.05 మి.మీ. కలిపి 2.31 చేశాను. అది ఒక కాగితం మందం కూడా ఉండదు. వదిలే వైపు గీత వెడల్పై, పంటి మధ్యకి కోడిగుడ్డు ఆకారంలో దిగింది. లాగే వైపు కొసకీ మొదటికీ సమానంగా జాగా వదిలి నిలబడింది. ప్లే రెండుసార్లూ ఒకటే, 0.15. డయల్ గేజి ముల్లు ఒకే అంకె చూపిస్తుంటే పళ్ళ మీద రెండు వేరు వేరు కథలు. ప్లే అంకె సరిపోయిందని సంబరపడి మూసేయకండి.

బిగించిన బేరింగ్ మళ్ళీ పీకాలి. ఈసారి సెపరేటర్ రెండు పెదవుల అంచులూ గ్రైండర్‌తో పల్చగా చేసి, షిమ్‌కీ రేసుకీ మధ్య దూరేలా తయారుచేశాను. నాలుగు పక్కలా చిన్న దెబ్బలతో అంచు లోపలికి పోయాకే ప్రెస్సు కింద పెట్టాను. బేరింగ్ నలగలేదు, వంగలేదు. కొత్త క్రష్ స్లీవు, గోరంత తిప్పులు, మళ్ళీ 12. ఆయిల్, పేస్టు ఇంకో 30 డాలర్లు.

ఆ రాత్రే రోడ్డు మీదకి తీశాను. 40, 44, 48, యాక్సిలరేటర్ వదిలాను. టైర్ల మోత తప్ప ఏమీ లేదు. రోడ్డు పక్కన ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఇప్పటిదాకా: 1,158 డాలర్లు, 33 గంటలు.

దశ 7: ముందు యాక్సిల్

1985 బండిలో ముందు థర్డ్ మెంబర్ కూడా వెనకదాని లాంటిదే, 8 అంగుళాలదే. తేడా ఒక్కటి. వెనక్కి తిప్పి బిగించి ఉంటుంది కాబట్టి, బండి ముందుకి పోతున్నప్పుడు ముందు యాక్సిల్‌లో బరువు పడేది పంటి వదిలే వైపు మీద. కాబట్టి ఇక్కడ మొదట చూడాల్సింది ఆ వైపు ముద్ర.

వెనక పని నేర్పిన పాఠంతో డిఫరెన్షియల్ రెండు ప్రయత్నాల్లో కుదిరింది. క్రష్ స్లీవుకి బదులు 52 డాలర్లు పెట్టి గట్టి స్పేసర్ వేశాను. అది నలగదు. దాని కింద పల్చటి షిమ్‌లు మారుస్తూ 12 ఇంచ్-పౌండ్లకి తేవాలి. నాలుగుసార్లు విప్పి బిగించాను, కానీ ప్రతిసారీ అంకె ఎటు పోతుందో ముందే తెలుస్తుంది. మళ్ళీ చేస్తే వెనకాల కూడా ఇదే వేస్తాను.

టైము తినేది దాని చుట్టూ ఉన్న పని:

1. క్యాలిపర్ విప్పి తీగతో వేలాడదీయాలి. గొట్టం మీద బరువు పడనీయొద్దు.
2. లాకింగ్ హబ్, 54 మి.మీ. నట్లు, డిస్కుతో సహా హబ్.
3. స్పిండిల్ 8 బోల్టులు. తుప్పుతో అతుక్కుంటుంది, ప్లాస్టిక్ సుత్తితో చుట్టూ తట్టాలి.
4. జాయింటుతో సహా యాక్సిల్ షాఫ్టు బయటికి.
5. లోపలి ఆయిల్ సీలు పీకి కొత్తది.

అన్నీ బిగించాను, ప్రొపెల్లర్ షాఫ్టు ఎక్కించాను, ఎర్ర టేపు తీసేశాను. మట్టి రోడ్డు మీద ఫోర్‌వీల్ వేసి చూస్తే ఎక్కడా బిగుసుకోవడం లేదు.

ఇప్పటిదాకా: 1,210 డాలర్లు, 49 గంటలు.

200 మైళ్ళ తర్వాత ఎడమ ముందు చక్రం లోపల తడి. నకిల్ (ముందు చక్రం పక్కకి తిరిగే కీలు గూడు) కింద నల్లటి జావ కారుతోంది. గేర్ ఆయిల్ లోపలి సీలు దాటి నకిల్‌లో గ్రీజుతో కలిసిపోయింది. విప్పి చూస్తే కొత్త సీలు పెదవి మీద చిన్న గాటు. షాఫ్టు లోపలికి తోసేటప్పుడు బరువుకి కిందకి వాలి, దాని చివర పళ్ళు సీలుని గీశాయి. కుడి వైపు కారలేదు గానీ దానికీ అదే గతి పట్టి ఉండొచ్చని రెండూ మార్చాను.

రెండోసారి షాఫ్టు చివర పళ్ళకి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి గ్రీజు రాశాను. ఒక చేత్తో షాఫ్టుని కింద నుంచి పైకి ఎత్తి పట్టుకుని, సీలు మధ్యలోంచి మెల్లగా పోనిచ్చాను. సీలు దాటాక ప్లాస్టిక్ లాగేసి, మిగతాది లోపలికి తోశాను. నకిల్‌లో జావంతా గుడ్డలతో తీసి, కడిగి, కొత్త మాలిబ్డినం గ్రీజు కూరాను. సీళ్ళు 28, గ్రీజు 18.

ఇప్పటిదాకా: 1,256 డాలర్లు, 55 గంటలు.

దశ 8: 500 మైళ్ళ తర్వాత

మొదటి 500 మైళ్ళూ ట్రెయిలర్ తగిలించలేదు, ఒకే వేగం మీద ఎక్కువసేపు నడపలేదు. తర్వాత రెండు యాక్సిళ్ళలోనూ ఆయిల్ మార్చాను, 60 డాలర్లు.

ఐ-70 మీద అదే ఎత్తు: ఇదివరకు 3వ గేరులో 42. ఇప్పుడు 3వ గేరులోనే 50, చుట్లు 3,580 దగ్గర. ఇంజన్ మోత పెరిగింది గానీ లైట్లు ఆర్పుతూ వెలిగించాల్సిన అవసరం లేదు. చదును మీద 65 దగ్గర టాకోమీటర్ 2,850 చూపిస్తోంది, లెక్కకి దగ్గరగా.

స్పీడోమీటర్: ఇది ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్ళకి పంచే బాక్సు) నుంచి చదువుతుంది కాబట్టి టైరు మార్పూ తెలియదు, యాక్సిల్ మార్పూ తెలియదు. 33 టైర్లు వేసినప్పుడు ముల్లు 65 చూపిస్తే జీపీఎస్‌లో అసలు వేగం 75. ఇప్పుడు అసలు 65కి ముల్లు 67. తప్పు ఇటు వైపు ఉంటే నాకు ఇబ్బంది లేదు. స్పీడోమీటర్‌ని తిప్పే డ్రైవెన్ గేరు మార్చలేదు.

మైలేజీ లెక్కలో చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, నేనూ పడ్డాను. పెద్ద టైర్లు వేశాక గ్యాలన్‌కి 14.1 మైళ్ళకి పడిపోయిందనుకున్నాను. కానీ అసలు దూరం ఓడోమీటర్ చూపించేదానికంటే 15.5 శాతం ఎక్కువ. సరిచేస్తే 16.3. కొత్త గేర్లతో ఓడోమీటర్ ప్రకారం 17.4, అది 3 శాతం ఎక్కువ చూపిస్తోంది కాబట్టి అసలు 16.9. మూడు ట్యాంకుల సగటు ఇది. మైలేజీ పెరుగుతుందని ఈ పని మొదలెట్టకండి. తగ్గలేదు, అంతవరకే.

వెనక ప్లగ్ అయస్కాంతం మీద వెన్న లాంటి బూడిద రంగు పేస్టు, గోరంత. వేళ్ళ మధ్య రుద్దితే గరుకు లేదు. ముందుదాని మీద ఇంకా తక్కువ. ఎడమ నకిల్ కింద అట్టముక్క పరిచి రెండు రాత్రులు ఉంచాను, చుక్క పడలేదు. ఫోటోలు బాబాయికి పంపాను. వెనకదాని వదిలే వైపు ముద్ర ఫోటో మళ్ళీ ఒకసారి పెట్టమన్నాడు, చూసి "సరే, ఇక తిప్పు" అన్నాడు.

మొత్తం: 1,316 డాలర్లు, ఆయిల్ మార్చిన గంటతో కలిపి 56 గంటలు.